అద్దాల మేడలో కన్నీరు

(పాఠశాల ప్లాటినం ఉత్సవాల సాహిత్య గోష్ఠిలో ప్రధానోపాధ్యాయిని గావించిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘం వారు నాకిచ్చిన పట్టికలో మూడు విషయాలున్నాయి. మాతృభాషలో విద్య, స్త్రీ విద్య, విలువలతో కూడిన విద్య. ఈ మూడింటిపైనా నేను ముప్పయి సంవత్సరాలుగా మాట్లాడుతూనే ఉన్నాను. మీరు పాపం వింటూనే ఉన్నారు. అందుచేత ఈ ఒక్క సాయంకాలం సినిమాను గురించి, అందులోనూ మనచేత కన్నీరు పెట్టించే సినిమాను గురించి మాట్లాడడానికి అనుమతి కోరాను. సంఘంలోని ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "అమ్మా, బడిలో ఏడుపు సినిమా గురించా?" అని అడిగారు. ఆయన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. కాని "ఏడుపు సినిమా" అనే ఆ పదంలోనే ఎత్తిపొడుపు ఉన్నది. ఆ ఎత్తిపొడుపు న్యాయమైనదేనా అన్నదే నేటి నా ప్రసంగ విషయం.

ఆంగ్లంలో ఇటువంటి కథను మెలోడ్రామా అంటారు. మెలోస్ అంటే గ్రీకు భాషలో గానం. గానంతో కూడిన నాటకం అని మూలార్థం. ఆ దేశాల విమర్శకులు తరువాతి కాలంలో ఈ మాటను అతి అనే అర్థంలో, కొంత చులకనగా వాడసాగారు. మనకు ఆ చులకన పుట్టుకతో వచ్చినది కాదు. రాత్రంతా మేలుకుని హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసిన జాతి మనది. కొడుకు శవాన్ని ఒడిలో పెట్టుకుని చంద్రమతి పద్యం అందుకుంటే, ఆ దుఃఖంలో రాగమెందుకు అని మన పెద్దలెవరూ ప్రశ్నించలేదు. పైగా వన్స్ మోర్ అన్నారు. భరతముని శోకాన్ని స్థాయిభావంగా, కరుణను రసంగా లెక్కించి చెప్పాడు. భవభూతి మరొక అడుగు ముందుకు వేసి, ఉన్న రసం కరుణ ఒక్కటే, తక్కినవన్నీ దాని రూపాంతరాలే అన్నంతవరకు వెళ్ళాడు. తెలుగులో నిండా రంగులతో వచ్చిన మొదటి చిత్రం 1963 నాటి "లవకుశ". అంటే మనవారు తొలిసారిగా తెరనిండా రంగులు పోసి తీసినది సీతమ్మ కన్నీటి కథనే. ఇది కేవలం యాదృచ్ఛికమని నేను అనుకోను.

అయితే ఈ రోజు నేను తీసుకున్నది పురాణకథ కాదు. "ప్రేమ నగర్". 1971 సెప్టెంబరు 24న విడుదలైన చిత్రం. సురేష్ ప్రొడక్షన్స్ పతాకంపై డి. రామానాయుడు గారు నిర్మించారు; కె.ఎస్. ప్రకాశరావు గారు దర్శకత్వం వహించారు. కథకు మూలం కోడూరి కౌసల్యాదేవి గారి నవల. మాటలూ పాటలూ ఆత్రేయ, సంగీతం కె.వి. మహదేవన్. అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నాయికానాయకులు. మరుసటి సంవత్సరం తమిళంలో శివాజీ గణేశన్‌తో "వసంత మాళిగై"గా, 1974లో హిందీలో రాజేశ్ ఖన్నా, హేమమాలినిలతో అదే పేరున మళ్ళీ తీశారు. మూడింటికీ దర్శకుడు ప్రకాశరావు గారే. ఒకే మనిషి ఒకే కన్నీటిని మూడు భాషలలో పెట్టించగలిగాడంటే అందులో భాషను మించిన పదార్థమేదో ఉండి ఉండాలి కదా.

కథ మీ అందరికీ తెలిసినదే. జమీందారు బిడ్డ కల్యాణ్ వర్మ తాగుబోతు, విలాసపురుషుడు. విమానంలో పనిచేసే లత అతని వద్ద కార్యదర్శిగా చేరుతుంది. అతనిని మార్చుతుంది. అతడు ఆమె కొరకు ఒక మేడ కట్టిస్తాడు. అంతలో ఆమెపై నగ దొంగిలించినదన్న నింద పడుతుంది. ప్రేమించినవాడే సందేహిస్తాడు. ఆమె వెళ్ళిపోతుంది. నిజం తెలిసి అతడు క్షమాపణ వేడుకున్నా తిరిగి రాదు. చివరకు విషం పుచ్చుకునేదాకా పోయిన అతని వద్దకు ఆమె చేరుతుంది, అతడు బ్రతుకుతాడు.

ఇలా ఒక పేరాలో చెబితే ఇందులో ఏమున్నది? నమ్మశక్యం కాని సంగతులు నాలుగు, అంతే. ఈ కథను తరగతిలో చెబితే పదవ తరగతి పిల్లలు నవ్వుతారు. నిజంగానే నవ్వారు. కాని అదే కథను తెరపై చూసినప్పుడు అదే పిల్లలలో వెనుక వరుసవారు తలలు దించుకున్నారు. ఈ రెండింటికీ నడుమ జరిగినదేమిటి?

ముందుగా ఆ మేడను గురించి చెప్పాలి. ఆ రంగులూ, దీపాలూ, మెట్లూ, తెరలూ చూసి "ఇదంతా డాబు" అనడం సులభం. ఇంట్లో లాంతరు వెలుగున చదువుకునే కుటుంబాల వారు టిక్కెట్టు కొనుక్కుని అంతటి వైభవాన్ని చూడడం వెనుక ఆశ ఉన్న మాట నిజమే. ఆశ పాపం కాదు. అయితే కథ నడిచేకొద్దీ ఆ వైభవం పాత్ర మారుతుంది. ఎవరి కోసం కట్టాడో ఆమె లేదు. ఇప్పుడు ప్రతి దీపమూ ఒక ప్రశ్నే. పాకలో ఒంటరిగా కూర్చున్నవాని దుఃఖం చిన్నదని కాదు. కాని వంద గదుల ఇంటిలో ఒక్కడు కూర్చుంటే ఆ ఖాళీని కంటితో చూడవచ్చు. గాజు, పట్టు, పాలరాయి, ఇవన్నీ లేమిని చూపించడానికే అక్కడ ఉన్నాయి. ఈ రహస్యం దర్శకునికి తెలుసు. ప్రేక్షకులకు పేరు పెట్టడం తెలియకపోయినా గుండెకు తెలుసు.

రెండవది నాకు ఇంకా ముఖ్యమైనది. లత చేసినది పెద్ద పని ఏమీ కాదు. వెళ్ళిపోయింది. నింద వేసినవారిపై ఆమె ఫిర్యాదు చేయలేదు, వాదించలేదు. పరాయివారు నింద వేసినందుకు కాదు ఆమె వెళ్ళినది. తనవాడనుకున్నవాడు ఒక్క క్షణం తూకం వేసి చూసినందుకు. ఆ ఒక్క క్షణమే ఈ చిత్రానికి ఇరుసు. ఆడపిల్లలను చదివించే తండ్రులు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఇంట్లో వస్తువు కనబడనప్పుడు, పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు, సాయంకాలం ఆలస్యమైనప్పుడు, మీరు నోటితో ఏమీ అనకపోయినా, మీ కళ్ళలో ఆ తూకం కనబడిందంటే మీ బిడ్డకు తెలిసిపోతుంది. 1971లో ఉద్యోగం చేసి సంపాదించుకునే యువతిని నాయికగా నిలిపి, ఆత్మగౌరవం కోసం ఆమె ఒక మేడను వదులుకున్నట్టు చూపించడం స్వల్ప విషయం కాదు. ఆ దశాబ్దంలో యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, కౌసల్యాదేవి గారల నవలలు వారపత్రికలలోనూ అద్దె పుస్తకాల దుకాణాలలోనూ చేతులు మారుతూ ఉండేవి. వాటిని పండితులు కాలక్షేప సాహిత్యమన్నారు. చదివిన స్త్రీలు ఏమన్నారో ఎవరూ అడగలేదు. కౌసల్యాదేవి గారి మరొక నవల "చక్రభ్రమణం" ఆధారంగా 1964లో వచ్చిన "డాక్టర్ చక్రవర్తి"కి రాష్ట్ర ప్రభుత్వం నంది పురస్కారాన్ని, అదీ ఆ పురస్కారాలు మొదలైన తొలి ఏడాదిలో, ఇచ్చింది. కాలక్షేపానికి అంత గౌరవం దక్కడం విశేషమే.

మూడవది ఆలస్యం. కన్నీటి చిత్రాలన్నిటా ఈ ఒక్క సూత్రం కనబడుతుంది. ఉత్తరం ఒక దినం ఆలస్యంగా వస్తుంది. క్షమాపణ అడిగేసరికి పెళ్ళి ముహూర్తం కుదిరి ఉంటుంది. తెలుసుకున్ననాటికి తలుపు మూసి ఉంటుంది. నిజం ప్రేక్షకులమైన మనకు ముందే తెలుసు, పాత్రలకు తెలియదు. ఆమె దొంగ కాదని హాలులో ఉన్న అయిదు వందలమందికి తెలుసు, తెలియవలసిన ఒక్కనికి తెలియదు. మన నోరు కట్టేసి ఉన్నది, లేచి చెప్పలేము. ఆ చెప్పలేని తనమే కన్నీరై వస్తుందని నా అభిప్రాయం. జీవితంలో కూడా మనం ఎక్కువగా ఏడ్చేది నష్టానికి కాదు, ఇంకొంచెం ముందుగా తెలిసి ఉంటే ఆపగలిగేవారమన్న నష్టానికి. ఉపాధ్యాయులకు ఈ అనుభవం కొత్త కాదు. బడి మానేసిన పిల్లవాని ఇంటికి వెళ్ళేసరికి వాడు సూరత్‌కో, చెన్నైకో పనికి రైలెక్కి వారమయి ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం సంతోషంగా మనవి చేయాలి. ఈ కన్నీటికి గొంతునిచ్చినవారిలో మన ఘాటీ దిగువవారే ముఖ్యులు. కోరాపుట్ నుండి పొట్టంగి, సుంకి మీదుగా ఘాటీ దిగితే సాలూరు. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న రోజులలో ఆయనకు గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనను సాలూరు చినగురువు గారని పిలిచేవారు. "డాక్టర్ చక్రవర్తి"కి సంగీతం కూర్చిన సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గరి శివరామపురం. పి. సుశీల గారిది విజయనగరం. "ప్రేమ నగర్"లో కల్యాణ్ వర్మ గుండె పగిలినప్పుడు పలికిన గొంతు ఘంటసాల గారిది. లత పక్షాన పలికినది సుశీల గారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ కోరాపుట్ ప్రాంతమంతా విశాఖపట్టణం జిల్లాలోనిదే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన సంగతి మన పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాము. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. గీతలు మారాయి. పాట మాత్రం రైలుబండిలో పార్వతీపురం నుండి రాయగడకు టిక్కెట్టు లేకుండానే వస్తూ పోతూ ఉన్నది.

మన ఊళ్ళకు కొత్త చిత్రం ఆలస్యంగా వచ్చేది. విజయనగరంలో, పార్వతీపురంలో ఆడి ఆడి, గీతలు పడి, అక్కడక్కడా తెగి అతికిన ప్రింటు వచ్చేది. నా చిన్నతనంలో నేను "ప్రేమ నగర్" చూసినది అటువంటి ప్రింటులోనే, అది విడుదలైన ఎన్నో ఏళ్ళకు. హాలులో మా వరుసలో కాగితపు మిల్లులో పనిచేసే కుటుంబాలు, గుణుపురం వైపు నుండి వచ్చిన బంధువులు, ఒడియా ఇళ్ళవారు, కొండ దిగి సంతకు వచ్చి ఆ రాత్రికి ఆగిపోయిన వారు ఉండేవారు. మాటలు అర్థమైనవారు కొందరే. కాని ఏడవవలసిన చోట హాలంతా ఒకేసారి ముక్కు చీదింది. మా అమ్మమ్మ పక్కనే ఒక ముసలామె కూర్చున్నది. తెలుగు ఒక్క ముక్క రాదు. విరామంలో ఆమె తన కొంగు ముడిలోని వేరుశనగలు తీసి అమ్మమ్మ చేతిలో పోసింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎలా మాట్లాడుకుంటారు?

భాష నేర్పే వృత్తిలో ఉన్నదానిని కనుక నేను మరొక సంగతి కూడా గమనించాను. ఈ జిల్లాలలో బజారు ఒడియాలో నడుస్తుంది, ఆఫీసు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ నడుస్తుంది, సంతలో దేశియా, కువి, సవర వినబడతాయి. ఇంట్లో మనం మాట్లాడే తెలుగు ఉప్పు, పప్పు, బాకీ, స్నానం, ఇంతవరకే. "నన్ను క్షమించు", "నీవు నన్ను నమ్మలేదు", "ఇక సెలవు", ఇటువంటి పెద్ద మాటలకు ఇంట్లో అవసరం రాదు. వచ్చినా సిగ్గుపడి అనము. ఆ మాటలను మనకు తెలుగులో దాచిపెట్టినది ఈ చిత్రాలే. పుస్తకాలు చదవని తల్లులకు ఆత్రేయ గారి సంభాషణలే గద్య వాచకం. వ్యాకరణం మేము నేర్పాము, ఒప్పుకుంటాము. కాని మనసు విరిగినప్పుడు తెలుగులో ఎలా మాట్లాడాలో మా వాచకాలలో లేదు.

ఇక సముద్రాల ఆవల ఇటువంటి చిత్రం ఒకటి ఉన్నది. మా అమ్మాయి ఇంట్లో నేను దానిని చూశాను. పేరు "ఇమిటేషన్ ఆఫ్ లైఫ్", అంటే బ్రతుకుకు నకలు. 1959లో హాలీవుడ్‌లో యూనివర్సల్ సంస్థ తీసినది. దర్శకుడు డగ్లస్ సర్క్. ఫ్యానీ హర్స్ట్ అనే రచయిత్రి 1933 నాటి నవల మూలం. 1934లోనే ఒకసారి చిత్రంగా వచ్చినదాన్ని మళ్ళీ తీశారు. పేర్లు పడుతున్నప్పుడు తెరపై నుండి వజ్రాల వంటి రాళ్ళు ఒక్కొక్కటే రాలి, పోగుపడి, చివరకు తెర నిండిపోతుంది. మన ప్రేమనగరపు మేడకు అవి చుట్టాలే అనిపించింది. లానా టర్నర్ ధరించిన దుస్తులూ నగలూ చూస్తే కళ్ళు చెదురుతాయి. కథలో ఆమె నటి కాగోరిన విధవరాలు. ఆమె ఇంటిలో ఆశ్రయం పొంది పనిచేసే నల్లజాతి స్త్రీ ఆనీ. ఆనీకి ఒక కూతురు, పేరు సారా జేన్. తెల్లని ఒంటి రంగుతో పుట్టింది. బయట తెల్లపిల్లగా చలామణీ కావాలని ఆ పిల్ల కోరిక. అడ్డు ఒక్కటే: తల్లి ముఖం.

మంచు కురుస్తున్న ఒక రోజున తల్లి కూతురికి చలికి కావలసిన సామాను పట్టుకుని బడికి వస్తుంది. పంతులమ్మ, ఈ తరగతిలో అటువంటి పిల్ల ఎవరూ లేరంటుంది. తరగతి గదిలో కూతురు పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ క్షణంలో గదిలోని పిల్లలందరికీ తెలిసిపోతుంది. ఇది జరిగేది బడిలో, పంతులమ్మ ఎదుట. నా వృత్తివారు ఎవరైనా ఈ దృశ్యాన్ని సుఖంగా చూడలేరు. అమెరికాలో తెల్ల, నల్ల పిల్లలకు వేరు వేరు బడులుండడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీం కోర్టు చెప్పినది 1954లో. తీర్పు వచ్చిన అయిదేళ్ళకు ఈ చిత్రం వచ్చింది.

తరువాత పెద్దదైన ఆ పిల్ల ఇల్లు విడిచిపోయి, వేరే పేరుతో నృత్య బృందంలో చేరుతుంది. జబ్బుపడిన తల్లి వెతుక్కుంటూ వెళ్తుంది. ఇక నిన్ను వెంబడించను, ఒక్కసారి చూసి పోదామని వచ్చాను అంటుంది. అంతలో తోటి నర్తకి ఒకతె గదిలోకి వచ్చి ఈమె ఎవరో పనిమనిషి అనుకుంటుంది. అప్పుడు ఆనీ ఏం చేసిందో చూడండి. తాను తల్లినని చెప్పలేదు. ఈ అమ్మాయిని చిన్నప్పుడు పెంచిన ఆయానని చెప్పి, కూతురు ఆడుతున్న అబద్ధానికి తానే సాక్ష్యం పలికి, సెలవు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఎన్నో చిత్రాలలో తల్లులు కొడుకుల కోసం ప్రాణాలివ్వడం చూశాను. కాని తన తల్లితనాన్నే బిడ్డకు ఇచ్చివేసిన తల్లిని అంతకు ముందు చూడలేదు. చివర ఆమె అంత్యక్రియలకు నాలుగు తెల్లగుర్రాల బండి, పూలు, జనం, మహాలియా జాక్సన్ గానం. జీవితమంతా పొదుపు చేసి ఆమె తన కోసం ఏర్పాటు చేసుకున్న ఒకే ఒక్క వైభవం అది. కూతురు పరుగెత్తుకుని వచ్చి శవపేటికపై పడి ఏడుస్తుంది. మళ్ళీ అదే ఆలస్యం.

ఆ దర్శకుని గురించి ఒక్క మాట. సర్క్ 1897లో హాంబర్గ్‌లో పుట్టాడు. రెండవ భార్య యూదురాలు. నాజీల ఏలుబడిలో ఉండలేక 1937లో జర్మనీ విడిచాడు. మొదటి భార్య వద్ద పెరిగిన కొడుకు అక్కడే ఉండిపోయి, నాజీల కాలపు చిత్రాలలో బాలనటుడై, 1944లో యుద్ధరంగంలో చనిపోయాడు. తండ్రి మళ్ళీ చూడలేదు. బిడ్డ దూరమైన తండ్రి, బిడ్డ దూరం చేసిన తల్లి కథను తీశాడు. హాలీవుడ్‌లో ఆయన తీసిన ఆఖరి పెద్ద చిత్రం అదే. అక్కడి విమర్శకులు ఆయన చిత్రాలను కూడా చాలాకాలం ఆడవారి ఏడుపు సినిమాలనే అన్నారు. 1971లో ఫాస్‌బిండర్ అనే యువ జర్మన్ దర్శకుడు సర్క్ చిత్రాలను ఆకాశానికెత్తుతూ వ్యాసం వ్రాశాడు. మన "ప్రేమ నగర్" విడుదలైనదీ ఆ ఏడే. ఆ వ్యాసకర్తకు మన సంగతి తెలిసే అవకాశం లేదు. మనకు ఫాస్‌బిండర్ ఎవరో తెలియనవసరమూ రాలేదు.

అమెరికా కథను ఇంత దూరం లాక్కొచ్చినది ఎందుకో చెబుతాను. మన పూర్వ విద్యార్థిని ఒకామె ఉన్నది. ఆమె అనుమతితోనే, ఊరూ పేరూ విడిచి చెబుతున్నాను. ఈ బడిలోనే పదవ తరగతి వరకు చదివింది, చక్కని దస్తూరి. కొడుకును మరొక పట్టణంలో ఇంగ్లీషు మీడియం బడిలో వేసింది. ఆరవ తరగతిలో ఉండగా ఆ పిల్లవాడు, తల్లిదండ్రుల సమావేశానికి నాన్నను పంపమని, నువ్వు రావద్దని తల్లితో అన్నాడు. ఎందుకు నాన్నా అంటే, "నీకు తెలుగు తప్ప రాదు, వాళ్ళు నవ్వుతారు" అన్నాడట. ఆమె కోపపడలేదు. సమావేశం రోజున తనకు ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. కొడుకు చెప్పుకోవలసిన అబద్ధాన్ని తానే ముందుగా చెప్పి పెట్టింది. ఆమె ఆ ఇంగ్లీషు చిత్రం చూడలేదు. చూడవలసిన పని కూడా లేదు.

మన బడిలో చేరే పిల్లల సంఖ్య ఎందుకు తగ్గుతున్నదని ప్రతి సమావేశంలోనూ చర్చిస్తాము. ఉద్యోగాలు, పై చదువులు, పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయుల ఖాళీలు, ఈ కారణాలన్నీ నిజమే. తెలుగు మీడియంలో చదివి ఒడిశాలో పై చదువుకు పోయే పిల్లల ఇబ్బంది నాకు తెలుసు; వారి ధ్రువపత్రాలపై సంతకం చేసేది నేనే. దానికి సిగ్గు అని పేరు పెట్టను. తల్లిదండ్రులు లెక్క చూసుకుని ఇంగ్లీషు బడికి పంపితే నేను తప్పు పట్టను. కాని లెక్క వేరు, ముఖం చాటేయడం వేరు. అమ్మ ముఖం చూసి పిల్లవాడు పుస్తకం అడ్డం పెట్టుకోవడం లెక్కల పుస్తకంలో లేని నష్టం. ఆ నష్టం ఎంతో నేను నివేదికలలో చూపలేను. ఆ చిత్రం రెండు గంటలలో చూపింది. నేను కన్నీటి చిత్రాన్ని సమర్థించడానికి అసలు కారణం ఇదే.

అయితే ఈ చిత్రాలలో నాకు నచ్చనివి లేవనుకోకండి. తాగుబోతును సంస్కరించడం చదువుకున్న ఆడపిల్ల ఉద్యోగధర్మం అన్నట్టు ఎన్ని కథలు! లత అదృష్టవంతురాలు, ఆమె మార్చితే అతడు మారాడు. మన చుట్టుపక్కల ఇళ్ళలో మార్చబోయి దెబ్బలు తిన్నవారిని నేను లెక్కపెట్టగలను. వారి పిల్లలు నా తరగతులలోనే కూర్చున్నారు. సోమవారం ఉదయం ఎవరి ఇంట్లో ఏమి జరిగినదో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. తాగి తూలే నాయకుని దుఃఖానికి పాట ఉన్నది, ఎదురుచూసే భార్య ఆకలికి పాట లేదు. ఆ తూకం సరైనది కాదని మన ఆడపిల్లలకు చెప్పి తీరాలి. త్యాగం చేసే స్త్రీని చూసి కన్నీరు కార్చి, ఇంటికి వచ్చి ఆమెనే మళ్ళీ త్యాగం చేయమనే ప్రేక్షకులు కూడా ఉన్నారు. కన్నీరు వచ్చినంత మాత్రాన కళ్ళు తెరుచుకున్నట్టు కాదు.

కాని తెరుచుకున్న సందర్భాలూ ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో 1990 దశకం మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కొత్తగా చదువు నేర్చిన స్త్రీల వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం పెట్టారు. భర్తల తాగుడు వల్ల నలిగిన స్త్రీలు ఏకమై సారా దుకాణం మూయించడం దాని సారాంశం. దూబగుంట అనే గ్రామంలో స్త్రీలు ఆ పాఠం చదివి, ఇది మన కథే అన్నారు. 1992లో తమ ఊరి సారా అమ్మకాన్ని ఆపారు. ఊరి నుండి ఊరికి పాకి, 1993లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను నిషేధించేవరకు వెళ్ళింది. ఆ పాఠాన్ని సాహిత్య చరిత్రకారులు కథగా లెక్కించరు. విమర్శకులు చూస్తే ఇదీ మెలోడ్రామాయే అంటారు. ఒక తాగుబోతు, ఒక కష్టజీవి, కొంత కన్నీరు. తేడా ఎక్కడున్నదంటే, చదివినవారు పక్కపక్కన కూర్చుని చదివారు. చదివిన తరువాత మాట్లాడుకున్నారు.

మన ఇళ్ళలో ఇప్పుడు సినిమా పక్కపక్కన చూడడం తగ్గిపోయింది. ఎవరి ఫోను వారిది, ఎవరి చెవిలో తీగ వారిది. ఏడుపు వచ్చే ఘట్టం రాగానే వేలితో ముందుకు తోసేయవచ్చు. నేను ఈ పరికరాలకు శత్రువును కాను. నా కళ్ళజోడు కూడా పరికరమే. కాని ముక్కు చీదే చప్పుడు పక్కవారికి వినబడకపోతే ఆ దుఃఖం సగమే పనిచేస్తుందని నా అనుభవం. క్రిందటి ఏడాది పదవ తరగతి పిల్లలకు "ప్రేమ నగర్"లోని నింద పడే ఘట్టం ఒక్కటే వేసి చూపించి, ఒక పుట వ్రాయమన్నాము. మొదట నవ్వారని చెప్పాను కదా. వ్రాసిన వాటిలో ఎక్కువ భాగం కథాసారాంశమే. ఒక బాలిక మాత్రం కల్యాణ్ వర్మను గాని లతను గాని గురించి వ్రాయలేదు. తమ ఇంట్లో అన్నయ్య జేబులో డబ్బు కనబడనప్పుడు అమ్మ తన సంచి మాత్రమే వెతికిందని, ఏమీ అనలేదని, తరువాత డబ్బు వేరే చోట దొరికినా ఆ సంగతి తనకు ఎవరూ చెప్పలేదని వ్రాసింది. తెలుగులో, అక్షరదోషాలు తొమ్మిదింటితో. మార్కులు వేయవలసిన ఉపాధ్యాయిని ఆ కాగితం నా బల్లపై పెట్టి, "దీనికి ఎన్ని వేయమంటారమ్మా?" అని అడిగింది. ఇద్దరమూ కాసేపు ఊరుకున్నాము. ఆ తల్లిని పిలిపించి ఆ కాగితం చదివి వినిపించాము. ఆమె అక్షరాలు రాని మనిషి. విని, తల వంచుకుని, కాగితం నాకు ఇవ్వండని తీసుకుని మడిచి రవికలో దాచుకుని వెళ్ళింది. అందుచేత ఆ కాగితం బడి రికార్డులలో లేదు.

వచ్చే నెల నుండి రెండవ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పెద్ద హాలులో ఒక పాత తెలుగు చిత్రం వేయాలని ఉపాధ్యాయుల సమావేశంలో నిర్ణయించాము. మొదటిది "డాక్టర్ చక్రవర్తి". పూర్వ విద్యార్థులు ఇచ్చిన విరాళంతో తెర కొన్నాము. కిటికీలకు నల్లగుడ్డలు కుట్టించే పని మిగిలి ఉన్నది, కుట్టుమిషను ఉన్న తల్లులు ఎవరైనా ముందుకు వస్తే సంతోషిస్తాము. చిత్రం అయిన తరువాత అరగంట అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తెలుగులో వస్తే తెలుగులో, రాకపోతే ఒడియాలో, కువిలో, ఏ భాషలోనైనా సరే. ప్రవేశం ఉచితం. పిల్లలు తల్లులను వెంటబెట్టుకుని రావాలని మనవి. ఆ మధ్యాహ్నం హాలు తలుపు దగ్గర నేనే నిలబడి ఉంటాను.